రెండో బ్రేకు

డ్రైవింగ్ మాస్టారికి ఆ ఉదయం కాఫీ కూడా సహించలేదు. కప్పు పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. మర్నాడు భార్యకు లైసెన్సు పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోనని ఒట్టేసుకుంది. ఊళ్ళో సగం మందికి బండి నేర్పిన మనిషి ఇంటావిడకు నేర్పలేకపోయాడంటే ఇరుగుపొరుగు నవ్వరూ మరి.

“ఈ వయసులో నీకెందుకే ఈ తంటా? ఎక్కడికంటే అక్కడికి నేను దింపుతాగా.”

“మీకు ఖాళీ దొరికేదాకా కూర్చోవాలా? మా అక్క ఊరి ఆ చివర మంచాన పడి ఉంది. దాన్ని చూడాలనిపించినప్పుడల్లా మిమ్మల్ని బతిమాలాలా?”

ఇంకేం మాట్లాడతారు, బండి తీసి ఆవిడను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. చుట్టపుచూపుగా వచ్చిన కూతురు వెనక సీట్లో ఎక్కింది. నేర్పే కారు కదా, పక్కన కూర్చునే మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది.

మలుపులో కుక్క అడ్డొచ్చింది. కారు టక్కున ఆగింది.

“చూశావా, ఎలా ఆపానో?” అంది తల్లి మురిసిపోతూ.

“నువ్వు ఆపలేదమ్మా,” అంది కూతురు. “ఇందాకట్నుంచీ చూస్తున్నా. ప్రతిసారీ నాన్న కాలే ముందు పడుతోంది.”

ఆవిడ మొహం పాలిపోయింది. ఇంజను ఆపేసింది.

“అందుకేనా పరీక్షలో మీరు పక్కన లేకపోయేసరికి చేతులెత్తేశాను? నాకు బుర్ర లేదని ఎంత ఏడ్చానో తెలుసాండీ?”

“అలవాటే...” అని బుకాయించబోయి మానేశారు. “అలవాటు కాదులే. భయం. నువ్వు నేర్చేసుకుంటే ఇక నాతో నీకేం పని?”

“దిగండి,” అందావిడ.

దిగారు. లైసెన్సున్న కూతురు ఆ సీట్లోకి మారింది. కారు వెళ్ళిపోయింది. మాస్టారు రోడ్డు పక్కన కాలుగాలిన పిల్లిలా తిరిగారు. హారను వినబడినప్పుడల్లా మలుపు దాకా పరుగెత్తి చూశారు. కారు ఎవరి చేతుల్లో పెట్టినా ఇంత భయపడని మనిషి, వెళ్ళి వెతుకుదామన్నా బండి లేక అల్లాడిపోయారు.

చాలాసేపటికి కారు కాస్త కుదుపుతో వచ్చి ఆగింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

“అక్కను చూసొచ్చా. నేనే నడిపానంటే ముందు నమ్మలేదు. లేచి తిరగ్గానే తనకీ నేర్పాలంది. రేపటి పరీక్ష సంగతి రేపు. ఎక్కండి, వెనక.”

తన కారులో వెనక కూర్చోవడం మాస్టారికి అదే మొదలు. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

“ఇప్పుడు నేనేం చెయ్యనే?”

“నాతో ఏదన్నా మాట్లాడండి. పెళ్ళయినప్పట్నుంచీ రోడ్డుకేసి చూస్తూనే మాట్లాడారు. ఇకనుంచి రోడ్డు నేను చూసుకుంటాలెండి.”

మాస్టారు మొదటిసారి ఆవిడనే చూస్తూ నోరు తెరిచారు. మాటకు బదులు ఏడుపొచ్చింది.