పన్ను తగ్గిన రోజు తంగేడు పూలు

శవం చుట్టూ పూలు తేలుతున్నాయి.

తంగేడు, గునుగు, బంతి. ముందురోజు సాయంత్రం ఆడవాళ్ళు కాలువలో వదిలిన బతుకమ్మలు నీళ్ళల్లో కొట్టుకొచ్చి, త్రిపురారం తూము దగ్గర ఆగాయి. వాటితోపాటు సైదయ్య కూడా ఆగాడు.

సోమవారం, సెప్టెంబర్ 22. ఉదయం 6.40.

ఇన్‌స్పెక్టర్ సరోజ గట్టు మీద వంగి చూసింది. తల వెనక దెబ్బ. చేతి గడియారం 6.12కి ఆగిపోయి ఉంది.

"కాలు జారి పడ్డడేమో మేడం," అన్నాడు కానిస్టేబుల్ మల్సూర్, మోకాళ్ళ దగ్గర బరబరా గీరుకుంటూ.

"నీళ్ళల్లకు బోర్లపడ్డోడికి తల ముందు పగులుతది. ఈయనకు వెనక పగిలింది. నీకేమైంది?"

"శనివారం గునుగు కోయబోతే దురద పట్టింది మేడం. మా ఇంటామె సంచి నిండే దాంక ఇంట్లకు రానీయనన్నది."

సరోజ నవ్వలేదు. గట్టు మీద సైదయ్య స్కూటర్ నిలబడి ఉంది. డిక్కీలో టిఫిన్ గిన్నె, రెయిన్‌కోటు. ఫైలు లేదు.

ఆ ఫైలు గురించి మూడు ఊళ్ళకూ తెలుసు. సైదయ్యకు అరవై మూడేళ్ళు. తూనికలు, కొలతల శాఖలో రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఉద్యోగం మానేసిన మనిషి కాదు. ప్రతి గురువారం సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి, ఒకే వస్తువు మూడు దుకాణాల్లో కొని, బిల్లు అడిగి, ఫైలులో పెట్టేవాడు. ఆయన స్కూటర్ చప్పుడు వింటే తక్కెడ మీది చేతులు వాటంతటవే పైకి లేచేవి.

ఆ సోమవారం నుంచే పన్ను తగ్గింపు అమలు. సిమెంటు మీద ఇరవై ఎనిమిది శాతం పద్దెనిమిదయింది. సాయంత్రం సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో చర్చ పెట్టారు: 'పన్ను తగ్గింది, లాభం ఎవరికి?' సిమెంటు సంగతి రుజువులతో చెప్తానని సైదయ్య అందరికీ చెప్పుకున్నాడు. ఆదివారం పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, బతుకమ్మ మొదటి రోజు. పెద్దలకు బియ్యం ఇవ్వడానికి సొంతూరు నిడమనూరు వచ్చాడు. అటునుంచి అటే పోయాడు.

8.15కి మల్సూర్ పరుగెత్తుకొచ్చాడు.

"మేడం! సైదయ్య ఫోను దొరికింది. గొర్లకాపరి భిక్షపతి గొంగడి మడతల!"

శవాన్ని మొదట చూసి కేకేసింది ఆ భిక్షపతే. ఇప్పుడు స్టేషన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఫోను నీ దగ్గరికెట్ల వచ్చింది, పెద్దయ్యా?"

"నిన్న పొద్దుగూకినంక గట్టు మీద పడి ఉండె అమ్మా. ఎవలన్న ఫోన్ జేస్తే ఇద్దామని పెట్టిన. చార్జింగ్ ఖతమైంది. నాకు ఒత్తుడు గూడ రాదు."

"అక్కడ ఎవరన్న కనబడ్డరా?"

"ఒక తెల్ల కారు పోయింది. ఊరంత బతుకమ్మ కాడ ఉండె గదా. గట్టు మీద నరమానవుడు లేడు."

పైనుంచి ఫోన్ వచ్చింది. దొంగ దొరికాడు కదా, పండుగ రోజులు, సాయంత్రం ఆరింటికల్లా కోర్టులో హాజరు పరిచేయండి. పై అధికారుల తొందర ఎప్పుడూ బీదవాడి మీదే తీరుతుంది.

వరండాలో భిక్షపతి భార్య రుక్కమ్మ కూర్చుని ఉంది. "ఆయనను లోపలేస్తే ఆయన దాంట్లనే సచ్చిపోతడమ్మా. నాలుగు గోడల మధ్య పండుకున్న మనిషి గాదు," అంది. ఏడవలేదు. అది చూసే సరోజకు భయమేసింది.

సైదయ్య ఫోను చార్జింగ్ పెట్టారు. ఆఖరి కాల్ ఆదివారం 5.42. నలభై సెకన్లు. చేసింది శ్రీధర్, కోదాడలో ఎకనామిక్స్ లెక్చరర్. సాయంత్రం సభలో సైదయ్య పక్కనే కూర్చుని జనం తరఫున మాట్లాడాల్సిన మనిషి.

11.20. కోదాడ. కిరణ్ సిమెంటు దుకాణం గుమ్మానికి బెలూన్లు కట్టారు. 'పన్ను తగ్గింది! ధర తగ్గింది!'

"బస్తాకి ఎంత తగ్గింది?" అడిగింది సరోజ.

"ముప్పై అండి."

"గురువారం ఎంత పెరిగింది?"

కిరణ్ బెలూన్ల వైపు చూశాడు. "ముప్పై."

"మరి కొనేటోడికి మిగిలిందేంది?"

"పిల్లలుంటే బెలూన్ ఇస్తున్నామండి."

"సైదయ్యకు ఇది తెలుసా?"

"గురువారం బస్తా కొన్నదే ఆయనండి. 'కిరణూ, పాత ధర బిల్లూ నా దగ్గరే, కొత్త ధర బిల్లూ నా దగ్గరే' అని నవ్విపోయాడు. తప్పు చేశాం గానీ మేడంగారూ, చంపలేదండీ. నిన్న ఎనిమిదింటి దాకా కొట్లోనే ఉన్నా. కెమెరా చూసుకోండి."

చూసుకుంది. ఉన్నాడు.

"ఫోన్ జేసి కనుక్కున్న. మూడు ఊళ్ళల్ల ఒకటే రోజు, ఒకటే ముప్పై. ఎవరు చెప్పిన్రు?"

"ధరల లిస్టు వస్తదండి. చేత్తో రాసిన జిరాక్స్. ఎవరు రాస్తారో నాకు తెలీదు, బస్తాకింతని డబ్బులు మాత్రం పంపుతాం. 'తగ్గేముందు పెంచండి, తగ్గాక పండగ చేయండి' అని కింద రాసుంది. ఆ జిరాక్స్ ఒకటి సైదయ్యగారు నా బల్ల మీంచే పట్టుకెళ్ళారు."

12.45. శ్రీధర్ ఇల్లు. వాకిట్లో తెల్ల కారు.

తెల్ల కార్లు ఆ వీధిలోనే ఆరున్నాయి. సరోజ లెక్కపెట్టింది.

శ్రీధర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా కుడి భుజం పోయిందండీ. సామాన్యుడి కోసం నిలబడ్డ ఏకైక మనిషి."

"నిన్న 5.42కి ఆయనకు ఫోన్ చేసిన్రు."

"ఆల్ ది బెస్ట్ చెప్పానండీ."

"తర్వాత మీ ఫోన్ స్విచాఫ్."

"చార్జింగ్ లేదు. పెన్‌పహాడ్ వైపు గట్లమీద ఉన్నా. మా వీధి ఆడవాళ్ళు ఎంగిలిపూల బతుకమ్మకి తాజా తంగేడు తెచ్చిపెట్టమన్నారు. ఆదివారం నాలుగున్నరకి బయల్దేరా. కోసుకొచ్చేసరికి ఏడున్నర దాటింది. అప్పటికి వాళ్ళ ఆట అయిపోయింది, పూలు మిగిలిపోయాయి."

"అంత దూరమెందుకు? కోదాడ చుట్టూ లేవా?"

"ఇక్కడ తంగేడు మొలిచే చోటల్లా వెంచర్లు మొలిచాయిగా మేడంగారూ."

అది నిజమే. సరోజ తల ఊపింది. డిక్కీ తెరిచి చూపించాడు. తడి గోనెసంచిలో బంగారంలా తంగేడు పూలు.

"ఇవాళ సభలో సైదయ్యగారి ఫోటోకి వేద్దామని ఉంచానండీ," అంటూ డిక్కీ మూశాడు.

3.10. జీపు సూర్యాపేట దారిలో ఉంది. అనుమానితుల్లో మూడో పేరు లక్ష్మణ్, పార్టీ నాయకుడు. పన్ను తగ్గింపు పేదవాడికి పండుగ కానుక అని సభలో వాదించాల్సినవాడు. ఆదివారం సాయంత్రం సూర్యాపేటలో బతుకమ్మల మధ్య నిలబడి ఎనభై ఫోటోలు దిగాడు. 6.12కి దిగిన దానిలో కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు. అతను కాదు.

మబ్బు కమ్మింది. వరి మడులు నల్లబడ్డాయి. సరోజ వాచీ చూసుకుంది. భిక్షపతికి ఇంకా మూడు గంటలు కూడా లేవు.

పక్కన మల్సూర్ మళ్ళీ గీరుకుంటున్నాడు.

"ఆపు మల్సూర్. నాకూ దురదొస్తుంది."

ఉన్నట్టుండి ఆమె అతని వైపు తిరిగింది.

"నీకు దురద పట్టింది ఏ రోజన్నవ్?"

"శనివారం మేడం."

"బతుకమ్మ ఆదివారమైతే శనివారమెందుకు పోయినవ్?"

మల్సూర్ ఆమెను జాలిగా చూశాడు. సరోజ ఏళ్ళతరబడి పూలు బజారులో కొంటోందని అతనికి తెలుసు.

"డ్రైవర్, జర తొందరగా పోనీ," అంది సరోజ.

4.30. హాలు నిండిపోయింది. వేదిక మీద లక్ష్మణ్, శ్రీధర్. వెనక సరోజ పిలిపించిన కిరణ్. మధ్యలో ఖాళీ కుర్చీ, దాని మీద సైదయ్య ఫోటో.

శ్రీధర్ మైకు అందుకున్నాడు. "పన్ను తగ్గినా సామాన్యుడి చేతికి ఏమీ రాలేదు. ఈ లాభం ఎవరిది?"

"నేనూ అదే అడుగుదామని వచ్చిన," అంటూ సరోజ మెట్లెక్కింది. "సార్, ఫోటోకు పూలన్నరు. ఏవి?"

"తర్వాత తెప్పిస్తానండీ."

"మల్సూర్ తెస్తడు. తాళం ఇయ్యండి."

శ్రీధర్ చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగింది.

సరోజ జనం వైపు తిరిగింది. "అక్కలారా, ఒక్క మాట చెప్పండి. ఎంగిలిపూల బతుకమ్మకు పూలు ఎప్పుడు కోస్తరు?"

ముందు వరసలో ఒక ముసలామె వింతగా చూసింది. "ముందురోజే గదా బిడ్డా. కోసి నీళ్ళల్లేసి నిద్ర జేపియ్యాలె. నిద్రజేసిన పూలతోనే పేరుస్తం. అందుకే ఎంగిలిపూలంటరు."

"ఆ రోజు సాయంత్రం తాజా పూలు తెమ్మని మొగోళ్ళను ఎవరన్న పంపుతరా?"

"పంపితే అత్తలు ఊకుంటరా?"

జనం నవ్వారు. శ్రీధర్ నవ్వలేదు.

"సార్ ఏటి అవతలి, బతుకమ్మ ఆడని ఊళ్ళ నుంచి వచ్చి కోదాడల పన్నెండేండ్లుంటున్నరు," అంది సరోజ. "ప్రతి ఏడు బతుకమ్మ చూసిన్రు, పూలు ఎన్నడూ కోయలే. వీధి ఆడోళ్ళు అడిగిన్రన్నరు. ఆదివారం అడిగే ఆడది ఈ జిల్లాలో లేదు. ఆ టైముకు ఊరంత బతుకమ్మ కాడుంటదని మాత్రం మీకు బాగ తెలుసు. అందుకే కాలువ గట్టుకు పిలిచిన్రు. దారిలో నాలుగు కొమ్మలు విరుచుకుని సాక్ష్యం చేసుకున్నరు."

"ఇది కట్టుకథ!"

"తాళం."

సంచి వేదిక మీద బోర్లించారు. పసుపు పూలు కుప్పగా పడ్డాయి. అడుగు నుంచి నీలం రంగు ఫైలు జారింది. గురువారాల బిల్లులు. వాటి మీద చేత్తో రాసిన జిరాక్స్ లిస్టు.

కిరణ్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఇదే లిస్టండి."

సరోజ శ్రీధర్ ముందున్న ప్రసంగం కాగితం తీసి పక్కన పెట్టింది. రెండింట్లోనూ ఒకే చేతిరాత.

శ్రీధర్ కుర్చీలో కూలబడ్డాడు. "చేతిరాత ఎవరిదో కనుక్కోమని నన్నే అడిగాడు," అన్నాడు నేలను చూస్తూ. "నన్నే. అంత నమ్మాడు. రేపు వేదిక మీద అందరికీ చూపిస్తా, ఎవరో ఒకరు గుర్తుపడతారన్నాడు."

"చంపినంక ఫైలు ఎందుకు కాల్చేయలే?"

సమాధానం కిరణ్ చెప్పాడు, మెల్లగా. "అది చేతిలో ఉంటే మూడు ఊళ్ళ డీలర్లనీ బతికినంతకాలం పిండుకోవచ్చండి."

లక్ష్మణ్ మైకు సరిచేసుకుని ఏదో అనబోయాడు. ముసలామె ఆగమన్నట్టు చెయ్యి చూపింది. కూర్చున్నాడు.

5.50. భిక్షపతి స్టేషన్ మెట్లు దిగాడు. రుక్కమ్మ లేచి గొంగడి అతని భుజాన వేసింది. నాలుగడుగులు వేశాక భిక్షపతి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, సిమెంటు తగ్గిందంటగా? దొడ్డికి గోడ కూలింది, రెండు బస్తాలు గావాలె. నిజంగ తగ్గిందా?"

"కనుక్కుని చెప్త," అంది సరోజ.

గురువారం. ఉదయం 10.15. కోదాడలో కిరణ్ దుకాణం ముందు ఒక పాత స్కూటర్ ఆగింది. ఆ చప్పుడు వినగానే కాటా దగ్గర కుర్రాడు చెయ్యి తీసేశాడు. కిరణ్ తల ఎత్తాడు. ముఖం పాలిపోయింది.

స్కూటర్ మీద యూనిఫాం లేని సరోజ. చేతిలో నీలం రంగు కొత్త ఫైలు.

"ఒక బస్తా," అంది. "బిల్లుతో."