చివరివాడికి గీసిన బాణం

మా సైకిల్ గుంపులో అందరికన్నా చివర తొక్కడం నా ఉద్యోగం. ముందు వెళ్లేవాళ్లు దారి చీలిన చోటల్లా ముగ్గుపిండితో బాణం గుర్తు వేస్తారు. అందరూ దాటాక నేను దాన్ని బూటుతో చెరిపేయాలి. ఒకసారి మరిచిపోతే, తరువాతి ఆదివారం ముగ్గురు పాత బాణం పట్టుకుని నేరుగా మేకల దొడ్లోకి వెళ్లారు.

నాకు కాస్త ముందు ఎప్పుడూ ప్రశాంతే తొక్కుతూ ఉండేది. నగరి అమ్మాయి, తిరుపతిలో ఉద్యోగం. ఆరు నెలలుగా అందరికన్నా వెనకే. పాపం, తొక్కలేకపోతోందని జాలిపడి పోయిన వారం నోరు జారాను.

"నీకు కష్టంగా ఉండాది గదా, చిన్న రైడ్‌కు మారిపో ప్రశాంతీ."

ఆమె మొహం మాడిపోయింది. "అట్లనా? వచ్చే వారం నేనే ముందు పోతా. అదే ఆఖరు."

ఈ ఆదివారం అలిపిరిలో బయల్దేరగానే పిండి సంచి భుజాన వేసుకుని తుర్రుమంది. రాత్రంతా వాన. పేరూరు దాటి కొత్త ప్లాట్ల హద్దురాళ్ల మధ్యకు దిగేసరికి నా చక్రాలకు చెరో కిలో ఎర్రమట్టి. ఆమె జాడే లేదు. ఇంత వేగం ఉన్న మనిషి ఆరు నెలలు వెనక ఎందుకున్నట్టు?

మొదటి చీలికలో కల్వర్టు మీద రెండు బాణాలు కనిపించాయి. పెద్దది మామిడి తోట వైపు. పక్కనే చిన్నది, మేం వచ్చిన దారి వైపు! హడావిడిలో తప్పు గీసిందనుకుని రెండూ చెరిపేశాను. రెండో చీలికలోనూ అంతే. మూడో చోటా అదే చిన్న బాణం. ఎత్తిన బూటు అలాగే ఆపి, అది చూపే వైపు వెనక్కి చూశాను. బురద, ఒక గేదె. మనిషన్నవాడు లేడు.

కాస్త ముందు మా గుంపు పెద్ద ఇమ్మానుయేల్ చైన్‌లో మట్టి గీక్కుంటున్నాడు.

"ఆ చిన్న బాణం ఏందప్పా?"

"నాకేం తెలుసు? అడిగితే 'సూడాల్సినోడు సూస్తాడులే' అనింది. చంద్రగిరిలో టిఫిన్ తిని గ్రూప్ నుంచి పోతాదంట."

మొదటిసారి నా ఉద్యోగం మానేసి అతన్ని దాటేశాను. స్వర్ణముఖి ఒడ్డున జారి బురదలో బోర్లా పడ్డాను, లేచాను, మళ్లీ తొక్కాను.

చంద్రగిరిలో ఇడ్లీ బండి పక్కన ప్రశాంతి మగ్గుతో కాళ్లు కడుక్కుంటోంది.

"అన్నీ చెరిపేసినావా?" తలెత్తకుండా అడిగింది.

"రెండు చోట్ల చెరిపేసినా. మూడోది అట్లే ఉండాది."

"ఏం?"

"ఎవురికి గీసినావో అడగాలని. వెనక నేను తప్ప ఎవురూ లేరు."

"ఇంతసేపా నీకు!" పకపకా నవ్వింది. తరువాత గొంతు తగ్గించింది. "తొక్కలేక ఉన్నాననుకున్నావా? నీతో మాట్లాడతా పోవచ్చని ఉన్నా. నువ్వేమో పొమ్మన్నావు."

"పోవద్దు. ఈ పొద్దు నా ముందు నువ్వు లేకుంటే దారే తోచలేదు. నువ్వంటే ఇష్టం ప్రశాంతీ."

ఆమె మగ్గు నా చేతిలో పెట్టింది. "ముందు మొహం కడుక్కో. ఎవురు చెప్పినారో సూసుకోవాల గదా."

ఇడ్లీ తిన్నాక ఇద్దరం మూడో చీలిక దాకా వెనక్కి వెళ్లాం, పక్కపక్కనే. పెద్ద బాణం చెరిపేశాను. చిన్నదాని మీదికి బూటు ఎత్తగానే ప్రశాంతి తన కాలు అడ్డం పెట్టింది.

దాన్ని వానకే వదిలేశాం.