శామీర్‌పేట ద్రాక్షతోటలో రెండో ప్రార్థన

ఇటలీలో, టస్కనీ కొండల నడుమ ఒక ద్రాక్షతోటలో నాగసాయి అనే కుర్ర సైంటిస్టు గ్లాసెత్తి "చీర్స్" అన్నాడు. ఒక గుటక మింగి టేబుల్ మీద తల వాల్చేశాడు. నిద్రొచ్చిందేమో అనుకుని పక్కవాళ్ళు నవ్వారు. అక్కడి డాక్టరు గుండెపోటు అని రాసిచ్చాడు.

కండ్లకోయలో ఇంటిముందు శవపేటిక తెరిచినప్పుడు వాళ్ళమ్మ ఏడవలేదు. "పరీక్షల రోజు కూడా గుండె దడ ఎరగడు నా కొడుకు" అంది. దహనానికి ఆలస్యమవుతోందని బంధువులు తొందరపెట్టారు.

ఆమె మాట నమ్మిన మనిషి ఒకడే ఉన్నాడు. మేడ్చల్‌లో టైర్ల కొట్టు పైన, ఇన్సూరెన్స్ బోర్డు వెనక కూర్చునే గూఢచారి చీఫ్ గోపాలరావు. తణుకు మనిషి. కబురు ఎంత చెడ్డదైతే గొంతు అంత మెత్తగా ఉంటుంది. ఆ రోజు తన ఏజెంటు శాంసన్‌తో మరీ మెత్తగా మాట్లాడాడు.

"కూర్చో శాంసన్. టార్గెట్ పేరు మార్కో. విదేశీ యాత్రికుల్ని ఇటలీ పల్లెల్లో తిప్పుతాడు. తోట చూపిస్తాడు, వండి పెడతాడు, వైన్ పోస్తాడు. ఫుడ్ అండ్ వైన్ టూర్స్. అది కవర్. అసలు పని, ఆ టేబుళ్ళ మీద సైంటిస్టుల్ని కొనడం. మిస్సైల్ గైడెన్స్ డ్రాయింగులు అడిగాడు. నాగసాయి ఇవ్వనన్నాడు."

"సాక్ష్యం ఉందా సార్?"

"ఒకే ఒక్కడయ్యా. అదే టూర్లో వెళ్ళాడు. పక్క గదిలోంచి అంతా విన్నాడు. మీ బావగారు."

సత్యానందం, శాంసన్ అక్క రాహేలు భర్త. మచ్చ బొల్లారం చర్చిలో సంఘ పెద్ద. కోపం వస్తే కూడా కీర్తన పాడుకునే రకం.

"మార్కో ఊళ్ళో దిగాడు. ఆదివారం శామీర్‌పేట ద్రాక్షతోటలో లంచ్. వచ్చే సీజన్ టూర్ల ప్రచారమట. మీ బావకీ అక్కకీ ఆహ్వానం వెళ్ళింది. ఎందుకో నీకు వేరే చెప్పాలా?"

"పోనియ్య సార్."

"వెళ్ళకపోతే మనకేం మిగలదు. నాగసాయి బూడిదైపోయాడు. విషం పెడుతుండగా పట్టుకోవాలి. ఆపరేషన్ అనాబ్, అంటే ద్రాక్ష. మీ బావ ఒప్పుకోవాలి."

"ఎవరు ఒప్పిస్తరు?"

గోపాలరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అందుకేగా నిన్ను పిలిచింది."

ఇలాంటి పాపిష్టి పనులు చేయడానికి మనుషులు దొరకరని శాంసన్ ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆ మనిషి తనే అవుతాడనీ అనుకోలేదు. చర్చి ఆవరణలో వేపచెట్టు కింద బావకు అంతా చెప్పాడు. సత్యానందం లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"నాగసాయి నన్ను అంకుల్ అంటుండె. వస్త. మీ అక్కకు జెప్పకు."

"నీకేం గానియ్య బావా."



ఆదివారం మధ్యాహ్నం. తలకు తగిలేంత కిందికి గుత్తులు వేలాడుతున్న ద్రాక్ష పందిరి. కింద తెల్ల గుడ్డలు పరిచిన టేబుళ్ళు. ఓ పక్క మట్టి పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చే వంటవాడు శాంసన్. అతికించిన గడ్డం, మొహం నిండా పిండి, చెవిలో మైక్, ఏప్రన్ కింద పిస్టల్. అతిథుల్లో నలుగురు చీఫ్ మనుషులు.

హర్షిత పొయ్యి దగ్గరికి వచ్చింది. మార్కో టూర్ మేనేజర్. తెలుగు గుంపుల్ని ఇటలీ తీసుకెళ్ళేది ఆమే. ఎర్ర పట్టుచీర కట్టి నడుస్తుంటే పందిరి కింద మాటలు ఆగిపోతున్నాయి. కొంతకాలంగా గోపాలరావుకు రహస్యాలు అందిస్తున్నది కూడా ఆమే. డబుల్ ఏజెంట్. ఆమె నవ్వును శాంసన్ ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు.

"ఈ ఏడు వడగళ్ళు పడ్డాయా?" అంది. కోడ్.

"మా తోటల పడలే."

"మీ బావగారి టేబుల్ మీద ఆలివ్ నూనె సీసా. రొట్టె ముంచుకునేది. విషం అందులో."

చెప్పేసి వెళ్ళిపోయింది. శాంసన్ రొట్టెల బుట్ట పెట్టే వంకతో నూనె సీసా మార్చేశాడు. తెచ్చిన సీసాలో టెస్ట్ స్ట్రిప్ వేసి పొయ్యి చాటున పెట్టాడు. విషముంటే నీలమవుతుంది, కాస్త సమయం పడుతుంది.

మార్కో టేబుళ్ళన్నీ ఓసారి చుట్టివచ్చాడు. ఇంకా రాని సత్యానందం కోసం వేసిన టేబుల్ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చిన్న గ్లాసులో నిమ్మ మద్యం స్వయంగా పోసి, హర్షిత చేతికిచ్చి, తన గ్లాసు తాకించాడు. ఆమె నవ్వుతూ తాగేసింది. వీళ్ళిద్దరూ ఒకటేనా అని శాంసన్ మనసులో ముల్లు గుచ్చుకుంది.

సత్యానందం, రాహేలు చర్చి నుంచి నేరుగా వచ్చారు. చర్చిలో రొట్టె, రసం పంచే ప్రభువు బల్ల ఆదివారం కాబట్టి అక్క తెల్లచీరలో ఉంది. వెయిటర్ ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"ప్రైజ్ ద లార్డ్ అన్నా. నా పేరు విక్టర్. మాది గూడ బొల్లారమే, చర్చిలనే పుట్టి పెరిగిన. మీరు వైన్ ముట్టరని ఎర్కే. మీకోసం పచ్చి ద్రాక్షరసం వెట్టిన."

"సల్లగుండు బిడ్డా" అంది రాహేలు మురిసిపోతూ.

అందరూ కూర్చున్నారు. రొట్టె తుంచబోతున్న మార్కోను సత్యానందం చేత్తో ఆపాడు. "ప్రార్థన జేస్కొని తిందాం. రాహేలూ, జెయ్."

పందిరి కింద తలలన్నీ వంగాయి. మార్కో కూడా మర్యాదగా కళ్ళు మూశాడు. రాహేలు ప్రార్థన మొదలుపెడితే త్వరగా ముగించే మనిషి కాదు. తోటను దీవించమంది, వండిన చేతుల్ని దీవించమంది, ఆ తర్వాత చేతులు పైకెత్తింది. "పరాయి దేశంల పాణం ఇడ్సిన నాగసాయి తల్లిని ఓదార్చు ప్రభువా." సత్యానందం భుజాలు కదిలాయి.

శాంసన్ స్ట్రిప్ తీసి చూశాడు. తెల్లగానే ఉంది. నూనెలో విషం లేదు!

హర్షిత అబద్ధమాడింది. మరైతే విషం ఎక్కడ?

గ్లాసులోకి ఏదో పోస్తున్న చప్పుడు. కళ్ళెత్తాడు. అందరూ బొమ్మల్లా ఉంటే విక్టర్ ఒక్కడే తిరుగుతున్నాడు. సత్యానందం గ్లాసులో ద్రాక్షరసం పోసి, సీసా మూతి తుడిచి, సర్దుతున్నాడు. చర్చిలో పుట్టి పెరిగినవాడు ప్రార్థన నడుస్తుంటే పోయడు, తుడవడు. చేతిలో కాలే గిన్నె ఉన్నా అక్కడే ఆగిపోతాడు. ఎన్నో ఏళ్ళుగా చర్చి గడప తొక్కని శాంసన్ చేతులే రొట్టెల చెక్క వదిలి వాటంతటవే జోడయ్యాయి. వీడు ఆ పేరును అద్దెకు తెచ్చుకున్నాడు.

అక్కా బావా తప్ప ఎవరూ తాగని రసం. వైన్ ముట్టనివాళ్ళ కోసం ప్రత్యేకంగా పెట్టిన చావు. 

"ఆమెన్" అంది రాహేలు. సత్యానందం గ్లాసు అందుకున్నాడు.

అరిస్తే? విక్టర్ సరిగ్గా బావ వెనకే నిలబడ్డాడు, కుడిచెయ్యి జేబులో ఉంది. జేబు బరువుగా వేలాడుతోంది. అరుపు పూర్తయ్యేలోపు తూటా పేలుతుంది.

గ్లాసు పెదవుల దాకా వచ్చింది.

"ప్రభువా!" అని గొంతెత్తాడు శాంసన్. "మల్లొక్కసారి తలలు వంచుతున్నం తండ్రీ!"

ఎవరు, ఏమిటని ఎవరూ అడగలేదు. ప్రార్థన వినిపిస్తే సంఘ పెద్ద చెయ్యి దానంతటదే కిందికి దిగుతుంది. సత్యానందం గ్లాసు పెట్టేసి కళ్ళు మూశాడు. మార్కో విసుగ్గా మళ్ళీ తల వంచాడు. శాంసన్ చేతులు జోడించుకునే నడిచాడు, కళ్ళు మాత్రం బార్లా తెరిచి.

"మమ్మల్ని కాపాడు ప్రభువా. గీ ద్రాక్షరసం ఎవ్వలు ముట్టకుండ జూడు. గా తెల్లోన్ని గేటు దాటనియ్యకు తండ్రీ, నీ నలుగురు దూతల్ని ఇప్పుడే లేపు..."

చెవిలో గోపాలరావు ఊపిరి బిగబట్టడం వినిపించింది. అతిథుల్లో నాలుగు కుర్చీలు వెనక్కి జరిగాయి. మార్కోకు తెలుగు రాదు. విక్టర్‌కు వచ్చు. వాడి కళ్ళు ఇంతింతలయ్యాయి, జేబులోంచి చెయ్యి పైకొస్తోంది. అప్పటికే శాంసన్ పిస్టల్ వాడి పక్కటెముకలకు ఆనింది.

"జేబుల్నే ఇడ్సిపెట్టు" అన్నాడు నెమ్మదిగా.

మార్కో చేతులు వెనక్కి విరిచి కట్టారు. గ్లాసులో ముంచిన స్ట్రిప్ సిరాలా నీలమైంది. శాంసన్ ఆ స్ట్రిప్ పట్టుకుని హర్షిత దగ్గరికి దూసుకెళ్ళాడు.

"నూనె అన్నవ్ గదా! మా బావ పాణం పోతుండె!"

ఆమె పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉంది. పెదాలు పాలిపోయాయి.

"నాకు చెప్పింది నూనె అనే... శాంసన్ గారూ. మార్కో నాకొక్కదానికే చెప్పాడు." గుంజ మీదుగా జారి కూర్చుండిపోయింది. "మీరు సీసా మార్చారు... వాడు చూశాడు. చెప్పింది ఎవరో... తెలిసిపోయింది. ఆ నిమ్మ గ్లాసు..."

సీసా మార్చిన చెయ్యి తనది. ఆమె నవ్వుతూ తాగుతుంటే అనుమానపడి చూస్తూ నిలబడిందీ తనే. శాంసన్ ఆమెను ఎత్తుకుని గేటు దాకా పరిగెత్తాడు. అంబులెన్సు వచ్చేసరికి ఆమె తల అతని భుజం మీద బరువెక్కింది.

ఆపరేషన్ సక్సెస్ అని చెవిలో చీఫ్ చెబుతుంటే, శాంసన్ మైక్ పీకి మట్టిలో పారేశాడు.

రాహేలు వచ్చి పక్కన నిలబడింది. "గడ్డం పీకెయ్. గొంతు ఇనంగనే గుర్తువట్టిన." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీ బావను ఎరవెట్టినవ్ గద తమ్మీ. నేను మాఫ్ జెయ్య. ఇప్పట్ల జెయ్య."

"జెయ్యకక్కా."

"గా పిల్ల పేరేంది?"

"హర్షిత."

రాహేలు కొంగు తలమీద కప్పుకుంది. "ప్రార్థన సగంల ఇడ్సిపెట్టినవ్, ఆమెన్ అనలే. గా పిల్ల పేరు మీద ఖతం జెయ్. ఈసారన్న కండ్లు మూస్కో."

తోట వెనక ఇంకా సోదా చెయ్యాల్సిన గదులున్నాయి. శాంసన్ చేతులు జోడించి ఒక కన్ను మూసుకున్నాడు. ఉద్యోగం కొద్దీ, రెండోది ఆ గదుల మీదే ఉంచాడు.