ఎండలో గొంగడి

“ఎవర్నడిగి మాటిచ్చినవ్?”

కురుమయ్య అంత నెమ్మదిగా అడిగేసరికి భార్య భద్రమ్మ పెనం మీద జొన్నరొట్టె మాడిపోతున్నా చూడలేదు...

గొర్రెలు కాచుకొని బతికే ఆ ఇంట మాట ఇవ్వడమంటే మందను ఇవ్వడమే. వేసవి రాత్రుల్లో మందను ఎవరి మెట్ట చెలకలో నిలిపితే ఆ చెలక ఎరువు పట్టి బలుస్తుంది. ఈసారి మొదటి పదిహేను రోజులు కురుమయ్య రైతు వెంకటయ్యకు మాటిచ్చాడు. అతడు మందతో దూరం పోయి ఉండగా, అవే రోజులను భద్రమ్మ, భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన రామచంద్రయ్య పంతులుకు ఇచ్చేసింది.

దానికి కారణం కూతురు బీరమ్మ. ఆమె చదివిన బడిలో భౌతికశాస్త్రం చెప్పేవారే లేరు. అందువల్ల హైదరాబాదులో సైన్సు సీటుకు పెట్టిన దరఖాస్తు బలహీనపడింది. సెలవుల్లో నేర్చుకొని జూన్‌లో పరీక్ష రాస్తే చూస్తామని కాలేజీ వారు రాశారు.

“పంతులు పైసలొద్దన్నడు. చెలకల మంద పెట్టిస్తే చాలన్నడు. తెల్లారితే పాఠం మొదలాయె. నిన్ను యాడ దేవులాడాలె?” అంది భద్రమ్మ.

“సదువొద్దని నేనన్ననా? మాట తప్పినోని ఎంట గొర్లు సుత రావు.”

ముద్ద ముట్టకుండా ఉన్ని గొంగడి కప్పుకొని, పంతులుకు కాదని చెప్పడానికి బయలుదేరాడు. భద్రమ్మ కళ్లొత్తుకుంటూ వెంట నడిచింది.

దారిలో వరసకు మరదలయ్యే ఉప్పలమ్మ ఊరుకోలేదు. “రోళ్లు పగిలే ఎండల గొంగడేంది బావా, సలిపెడ్తాందా?”

ఇరవై ఏళ్లుగా వింటున్న మాటే. అతని దగ్గర జవాబు ఎన్నడూ లేదు.

పంతులు అరుగు మీద పాఠం నడుస్తోంది. “ఉన్ని వేడి పుట్టిస్తుందా?” అని ఆయన బీరమ్మను అడుగుతున్నాడు.

“పుట్టియ్యది సార్. పోగుల నడుమ గాలి చిక్కుకుంటది. ఆ గాలి వేడిని దాటనియ్యది. సలికాలం లోపలి వేడిని బయటికి పోనియ్యది, ఎండకాలం బయటి వేడిని లోపలికి రానియ్యది. మా బాపు ఎండల గొంగడి కప్పుకుంటె ఊరంత నవ్వుతది. నవ్వెటోళ్లకు ఎరుక లేదు. మా బాపుకు ఎరుకే.”

కురుమయ్య అరుగు ఇవతలే నిలబడిపోయాడు. గొంగడి సరిచేసుకొని, “మంద రేపొస్తది పంతులూ,” అన్నాడు.

అక్కడి నుండి నేరుగా వెంకటయ్య ఇంటికి పోయి, తలవంచి జరిగినదంతా చెప్పాడు. భద్రమ్మ గుమ్మం దగ్గరే ఆగింది... వెంకటయ్య బీడీ ఆర్పేశాడు.

“వానలు జూన్‌ల మిరుగం కార్తెకు గదా. నా చెలక యాడికి పోతది? పిల్ల పరీక్ష ఆగది. ముందుగాల పంతులుకే పెట్టు. గని వదినే, మళ్లోసారి మందను ఇచ్చేటప్పుడు మా అన్న చెవుల సుత జర ఎయ్యి.”

భద్రమ్మ ఏడుస్తూనే నవ్వింది.

జూన్ నెల చివర సీటు వచ్చిందని ఉత్తరం అందింది. బీరమ్మ బస్సెక్కేనాడు వానలు మొహం చాటేసి ఎండ నిప్పులు చెరుగుతోంది. కురుమయ్య తన గొంగడి తీసి బిడ్డ భుజాన వేశాడు.

“గింత ఎండలనా, బాపూ?”

“ఎండున్నదనే, బిడ్డా.”

పక్కనే ఉన్న ఉప్పలమ్మ నవ్వబోయింది. బీరమ్మ ఆ గొంగడిని కొంగులా తల మీదికి లాక్కొని బస్సెక్కింది.