పెట్టెలో కవచం

పొద్దున్నే టీ తాగి పెద్దాయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నడుము పట్టు తప్పి పాత ఇనుము కొట్టు ఎత్తేశాక ఆయనకి పొద్దుపోయేది అక్కడే. మొదట్లో ఆ కుర్చీ వంక కూడా చూసేవాడు కాదు. ఈ మధ్య కోడలికంటే ముందే లేచి కూర్చుంటున్నాడు.

అందులో ఉన్న ఆట కోడలిది. అంతకుముందు కొడుకుది కూడా. ఆ ఆటలో యుద్ధాలు చేసేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ళకి కత్తులు, డాళ్ళు, కవచాలు కావాలి. అవి చేసి ఆటలోని అంగట్లో అమ్మడమే మొగుడూ పెళ్ళాం కలిసి పెట్టుకున్న వ్యాపారం. కొలిమి పని కొడుకుది, బేరాలు కోడలివి. అక్కడ వచ్చిన బంగారం బయట డబ్బుగా మారి ఇంట్లోకి వచ్చేది. కొడుకు పోయి ఏడాది దాటింది. ఇప్పుడు రెండు పనులూ కోడలే చూసుకుంటూ ఇల్లు నెట్టుకొస్తోంది.

మామగారికి ఆమె నేర్పింది ఒక్కటే పని, కరిగించడం. పాత వస్తువు మీద నొక్కితే అది ముడి ఇనుమైపోతుంది; పనితనం ఎంత బాగుంటే అంత ఎక్కువ ఇనుము. ఆ ఇనుముతో కొత్తది చెయ్యొచ్చు. చదువు రాకపోయినా ఫరవాలేదు. పచ్చగీత ఉంటే బాగున్న వస్తువు, ఎర్రగీత ఉంటే పాడైపోయింది. "కొట్టు మూసినా తుక్కు మాత్రం ఈయన్ని వదల్లేదు" అని భార్య ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు కాదు గానీ, లేచేవాడూ కాదు.

ఆ రోజు డాళ్ళ బేరం ఉంది. ఒక పెద్ద జట్టు సాయంత్రానికి కావాలంది. ఇనుము చాలదేమోనని కోడలు ముందురోజు అన్నం దగ్గర అన్నది ఆయన చెవిలో పడింది. పాపం, ఆమె లేచేసరికి తయారుగా ఉంచుదామనుకున్నాడు. ఆటలో తనూ కోడలూ వాడుకునే సరుకు పెట్టె తెరిచి ఎర్రగీతలన్నీ ఏరి కరిగించాడు. చివర్న ఒక కవచం కనిపించింది. దాని గీత కూడా ఎర్రగానే ఉంది. నొక్కాడు. వచ్చిన ఇనుము పిడికెడు కూడా లేదు.

"ఎవడో చేతకానివాడు చేసుంటాడు. ఇంత కవచానికి ఇంతేనా" అని వంటింట్లోకి వినపడేలా విసుక్కున్నాడు.

కోడలు లేచి వచ్చి ఇనుము రాశి చూసి మురిసిపోయింది. మామయ్య ఉండబట్టి గట్టెక్కానంది. జుట్టు ముడేసుకుని కొలిమి దగ్గర కూర్చుంది. తెర మీద సుత్తి అటూ ఇటూ ఊగుతుంటుంది. అది గుర్తు మీదికి వచ్చిన క్షణంలో నొక్కాలి. వేలు తడబడితే సరుకు నాసిరకం అవుతుంది. ఆమె వేలు తడబడలేదు. డాళ్ళన్నీ పూర్తి చేసి, దాచడానికి పెట్టె తెరిచింది.

దాన్ని మూసి మళ్ళీ తెరిచింది.

"మామయ్యా, ఇక్కడో కవచం ఉండాలి."

"ఎర్రగీత ఉంది. కరిగించేశా."

"కింద పేరుంది కదా."

"నాకు చదవడం వచ్చా అమ్మా?"

"మీ అబ్బాయి పేరు అది."

పెద్దాయన కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. వంటింట్లో పంపు చప్పుడు ఆగింది.

ఆ ఆటలో ఎవరు చేసిన వస్తువు మీద వాళ్ళ పేరు ఉంటుంది. పాడైతే ఎవరైనా బాగుచెయ్యొచ్చు, కానీ అప్పుడు మొదట చేసినవాళ్ళ పేరు పోయి బాగుచేసినవాళ్ళ పేరు పడుతుంది. అందుకే ఆమె దాన్ని ఎర్రగీతతోనే వదిలేసింది. కొడుకు చేసినవన్నీ ఎప్పుడో అమ్ముడైపోయాయి. అమ్మడానికే చేసినవి మరి. మిగిలింది ఆ ఒక్కటే.

"మీకు కనిపించిందల్లా తుక్కే మామయ్యా" అంది కోడలు. గొంతు పెంచలేదు. "ఆయన బట్టలు కూడా నాతో ఒక్క మాట అనకుండా మూటగట్టి ఇచ్చేశారు. అప్పుడూ ఊరుకున్నాను. దీన్నైనా నాకు ఉంచకపోయారా?"

పెద్దాయన ఈ డాళ్ళలోంచి ఆ ఇనుము వెనక్కి తీసే మార్గం ఉందా అని అడిగాడు. లేదంది. అన్నీ కలిసిపోయాయంది. తర్వాత కుర్చీలోనే కూలబడి, తన సంచిలో చోటు లేదని నిన్న దాన్ని ఆ పెట్టెలో పెట్టింది తన చేతులేనంది. ఎవర్నని ఏం లాభమని ఏడ్చింది.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఆమెకి వేరే సందేహం పట్టుకుంది.

"వాడి సరుకంటే జనం ఎగబడేవాళ్ళని నువ్వే చెప్పేదానివి కదే. మరి ఈయనేమో చేతకానివాడి పనిలా ఉందన్నారు. వాడిది నాసిరకం ఎందుకవుతుంది?"

కోడలు మొహం పక్కకి తిప్పుకుంది. అత్తగారు మళ్ళీ అడిగింది.

"అది ఆసుపత్రిలో చేశారు అత్తయ్యా. చివరి వారంలో. మంచం మీద కంప్యూటర్ పెట్టించుకుని నా కోసం చేశారు. సుత్తి ఒక్కసారి కూడా గుర్తు మీద పడలేదు. పూర్తయ్యాక చూసి నవ్వారు. దీన్ని అంగట్లో పెట్టకే, పరువు పోతుంది అన్నారు. నేను తొడుక్కున్నాను. అది విరిగిపోయేదాకా ఇంకోటి తొడగలేదు."

అత్తగారు గడప మీద కూర్చుండిపోయింది.

పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "చేతులు అంత వణికేవా?"

"కప్పు కూడా పట్టుకోలేకపోయేవారు. మీరు వస్తున్నారని తెలిస్తే చేతులు దుప్పటి కిందకి లాక్కునేవారు. నాన్న ఇనుప దిమ్మెలు ఒంటి చేత్తో ఎత్తిన మనిషి, ఇది చూడలేడు అనేవారు."

"నేను రోజూ వచ్చానే."

"వచ్చారు."

"కాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి. తగ్గిపోతుందిలే అని పాదం తట్టి వచ్చేసేవాణ్ణి." ఆయన ఆగాడు. "ఒక్కసారి చెయ్యి పట్టుకున్నా తెలిసేది."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు పోయిన రోజు కూడా ఆయన ఇన్ని మాటలు మాట్లాడలేదు.

సాయంత్రం జట్టువాళ్ళు డాళ్ళ కోసం కబురు పెట్టారు. అమ్మొద్దమ్మా అన్నాడు పెద్దాయన. అమ్మకపోతే ఇల్లు ఎలా గడుస్తుందంది కోడలు. ఒక్కటైనా ఉంచుకోమన్నాడు. ఏది ఉంచుకోవాలో తెలియదు కదా మామయ్యా అంది. ఆయన తలదించుకున్నాడు.

ఆమె ఒక్కొక్క డాలూ పంపించింది. పెట్టె ఖాళీ అయింది. అప్పుడు కుర్చీ ఆయన పక్కకి జరుపుకుని, ఒళ్ళో పడేసి ఉన్న ఆయన చెయ్యి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుంది.

"మీ తప్పు కాదు. చెయ్యి పట్టుకోనిచ్చేవారు కాదు మామయ్యా" అంది. "నాకూ ఇచ్చేవారు కాదు."