యెరూషలేము బస్సులో పోయిన ఉంగరం

కరుణకుమారి మెట్లెక్కి వచ్చేసరికి అప్పలరాజు ఒక పెళ్లికొడుకు మీద రిపోర్టు టైపు చేస్తున్నాడు. 2005లో నర్సీపట్నంలో ప్రైవేటు డిటెక్టివుకి దొరికే పని అదే: కుర్రాడు తాగుతాడా, తాగితే ఎంత. తన మేడమ్ శాలిని తెలివికి ఇంతకన్నా పెద్ద నేరాలు రావాలని అతని బాధ.

"బస్సులో నా ఉంగరం కొట్టేసేరండి," అంది ఆవిడ.

"ఏ బస్సు? కొయ్యూరుదా?" అన్నాడు అప్పలరాజు.

"యెరూషలేముది."

అప్పలరాజు టైపు ఆపేసి కుర్చీ వేశాడు.

చర్చివాళ్లంతా పవిత్రదేశ యాత్రకు వెళ్లారు. అన్నం లేకపోతే భక్తి నిలవదని మాకవరపాలెం నుంచి వంటమనిషి గంగులును వెంటబెట్టుకున్నారు. కాబోయే కోడలి వేలికి తొడగాల్సిన అత్తగారి ఉంగరానికి యేసు పెళ్లికెళ్లిన కానా ఊళ్లో ప్రార్థన చేయించాలని కరుణకుమారి పట్టుకెళ్లింది. చిన్న పర్సులో పెట్టి, కొడుకు ఉయ్యాల్లో ఉన్ననాటి గులాబీ బుడిపె పిన్నీసుతో లంగా నడుం లోపల గుచ్చుకుంది. టూరు బస్సు చెడిపోవడంతో యెరూషలేములో సిటీ బస్సెక్కారు. జేబుదొంగలుంటారని గైడు ముందే హడలగొట్టాడు. డ్రైవరు బ్రేకు వేస్తే ఆవిడ తూలింది, గంగులు మోచెయ్యి పట్టి ఆపాడు. దిగి తడుముకుంటే పర్సు లేదు.

"మా బావగారు సాల్మన్‌రాజు మాకవరపాలెం సంతలో గంగుల్ని దొంగన్నారండి. ఇప్పుడతన్ని వంటకెవరూ పిలవట్లేదు. రేపు పోలీసు కేసంట. తప్పు సెయ్యని మనిషిని లోపలేస్తే నాకు ముద్ద దిగుద్దా?"

"లంగా చిరిగిందా?" అంది పక్క బల్ల దగ్గర వింటున్న శాలిని.

"లేదండి."

"పిన్నీసు?"

"అదీ లేదు."

"పర్సు ఆఖరుసారి ఎప్పుడు తడుముకున్నారు?"

ఆ పొద్దున్నే, యొర్దానులో మునిగే ముందు. ఆడవాళ్లు ఒక గదిలో బట్టలు విప్పి, అద్దె తెల్లగౌన్లు వేసుకున్నారు. జలుబని మునగని తోటికోడలు ఎస్తర్ రాణి అందరి బట్టలకూ కాపలా కూచుంది. బయటికొచ్చాక చలికి వేళ్లు వంగక కరుణకుమారి నిలబడితే లంగా, చీర కూడా ఆవిడే కట్టింది. తర్వాత ఒడ్డున అందరూ ఫొటో దిగి టూరు బస్సెక్కారు.

శాలిని ఆ ఫొటో అడిగి తీసుకుని, స్టూడియోలో పెద్దది చేయించింది. అప్పలరాజు దాన్ని తలకిందులుగా కూడా చూశాడు. అందరూ నవ్వుతున్నారన్న సంగతి తప్ప ఏమీ తేలలేదు.

మర్నాడు పొద్దున్నే శాలిని, సాల్మన్‌రాజు ఇంటి హాల్లో అందర్నీ కూచోబెట్టింది. గంగులు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"కదిలే బస్సులో, కుచ్చిళ్ల కింద, లంగా లోపలి పిన్నీసు బట్ట చిరక్కుండా తీయడం ఏ జేబుదొంగ వల్లా కాదు," అంది శాలిని. "బ్లేడుతో కోస్తాడు. ఇది తీరిగ్గా విప్పిన పని. బట్టలు ఒంటిమీద లేనప్పుడే కుదురుతుంది. ఆ గదిలోకి గంగులు రాలేడు."

ఫొటో బల్లమీద పెట్టింది. "ఇది సిటీ బస్సెక్కకముందు దిగింది. విడిగా పిన్నీసు దొరికితే మన ఆడవాళ్లు పారేయరు. ఆలోచించకుండా మెళ్లో గొలుసుకి తగిలించుకుంటారు. ఎస్తర్ రాణిగారి గొలుసు చూడండి."

ఫొటోలో గొలుసుకి గులాబీ బుడిపె పిన్నీసు వేలాడుతోంది.

సాల్మన్‌రాజు భార్య వైపు చూశాడు. ఎస్తర్ రాణి తల దించలేదు.

"అత్త మంచాన పడితే ఎత్తిందీ దించిందీ నేను," అంది తోటికోడలితో. "ఉంగరం నీకిచ్చింది. బస్సులో దొంగలు కొట్టేసేరని నువ్వే అంటే నేనేటి అనాలి? ఊరుకున్నాను."

లోపలికెళ్లి ఉంగరం తెచ్చి బల్లమీద పెట్టింది. కరుణకుమారి వెంటనే తీసుకోలేదు. "ఒక్క మాట అడిగుంటే ఇచ్చేద్దును గదక్కా," అంది.

సాల్మన్‌రాజు ఆదివారం చర్చిలో అందరి ముందూ గంగులుకు క్షమాపణ చెప్తానన్నాడు.

"నేను సర్చికి రాను గదండి," అన్నాడు గంగులు. "నన్ను వంటకి పిలిసేవోళ్లూ రారు. దొంగన్నకాడే సెప్పండి."

సంత రోజున సాల్మన్‌రాజు స్కూటరు మీద మాకవరపాలెం వెళ్లాడు. సాక్ష్యానికి శాలిని అప్పలరాజును స్కూటరు వెనక కూచోబెట్టి పంపింది. కూరల వరస మధ్య నిలబడి సాల్మన్‌రాజు తప్పు ఒప్పుకున్నాడు. వంకాయలమ్మే సోమలమ్మ తనకి వినబడలేదని మళ్లీ చెప్పించుకుంది.