అజోత్ లోడు

కొత్తగూడెం గెస్ట్‌హౌస్‌లో ఏజెంట్ దేవ్‌సింగ్‌కు మూడు రోజులు పట్టి నేర్పింది ఒకే ఒక్క ఫార్సీ మాట. అజోత్.

"ఫ్రెంచి నుంచి ఫార్సీ తెచ్చుకున్న సైన్స్ పదం. నత్రజని," అంది పద్మప్రియ. ఢిల్లీ పంపిన భాషా నిపుణురాలు. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్. "మెత్తగా అను. మీ తండాలో మేకను అదిలించినట్టు కాదు."

ఫార్సీ సంకేతాలు వాడే పేలుళ్ల ముఠా నుంచి చిక్కిన మెసేజ్‌ను చీఫ్ జయప్రకాశ్ చదివాడు. "అజోత్ లోడు ములకలపల్లి చేరింది. మధ్యాహ్నం పన్నెండుకు గోదావరి వంతెన. ట్రిగ్గర్ వంతెన మీదే బిగిస్తారు. గ్యాస్ సిలిండర్లు అయ్యుంటాయి. శాటిలైట్ వెతుకుతోంది."

"మా దిక్కు నత్రజని అంటే యూరియా బస్తానే సార్. బస్తాలల్ల మందుగుండు నింపిండ్రేమో," అన్నాడు దేవ్‌సింగ్.

"ములకలపల్లి గోదాం నేను చూశాను. ఉత్త యూరియా," పద్మప్రియ నవ్వింది.

"నువ్వు మాట నేర్చుకో. ఆలోచించడానికి మేమున్నాం," అన్నాడు చీఫ్.

దేవ్‌సింగ్ లుంగీ కట్టి బయల్దేరాడు. డిపార్ట్‌మెంట్ దాన్ని మారువేషమని రాసుకుంది. అది అతని ఇంటి బట్ట.

గోదాం ముందు లారీ నిండా యూరియా బస్తాలు. వాకిట్లో మాత్రం ఒక్క జత చెప్పులు లేవు. ఆగస్టు నెలలో లోడు వస్తుందని పుకారు పుడితేనే రైతులు తెల్లారకముందే తమకు బదులు చెప్పులు పెట్టి లైను కడతారు. ఇక్కడ లోడు కళ్లముందుంది, లైను లేదు; అంటే ఇది దొంగచాటుగా దిగిన లోడు. ఫ్రెంచి, ఫార్సీ తెలిసిన ముఠాకు ఈ కరువు తెలియదు.

పదకొండున్నర. డ్రైవర్ పక్కన దర్జాగా ఎక్కి కూర్చుంది పద్మప్రియ.

చేతిగడియారంలో ట్రాన్స్‌మీటర్ ఉంది. అడవిలో సిగ్నల్ లేదు. దేవ్‌సింగ్ పక్క తండా వైపు గొంతెత్తాడు.

"పెద్దమ్మా, యూరియా వచ్చింది. పాస్‌బుక్ పట్కరా."

పది నిమిషాల్లో రెండొందల మంది. లారీ ముందు చెప్పులు, చెప్పుల వెనుక మనుషులు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"కొట్టుకో. దిగుమతి అయినంకనే పోనిస్తం," అంది హేమ్లి పెద్దమ్మ.

పన్నెండుకు నిమిషం. వంతెన ఇక అందదని పద్మప్రియకు అర్థమైంది. లిప్‌స్టిక్ ఆకారంలో ఉన్న ట్రిగ్గర్ తీసి, ఇక్కడే పేల్చేయడానికి జనాన్ని తోసుకుంటూ లోడు ఎక్కబోయింది. చెయ్యి బస్తాకు జానెడు దూరంలో ఉండగా హేమ్లి ఆమె మణికట్టు పట్టి లాగింది.

"ఏమమ్మా, సోకు చేసుకుంటే ముందు నీకిస్తరా? ఎనక్కి పో."

ట్రిగ్గర్ బురదలో పడింది. దేవ్‌సింగ్ పద్మప్రియ చేతులు తలగుడ్డతో కట్టేశాడు.

కబురంది వచ్చిన పోలీసులు ముఠాను, మందుగుండు బస్తాల లారీని తీసుకుపోయారు. శాటిలైట్ ఇంకా సిలిండర్లు వెతుకుతూనే ఉంది.

ఖాళీ వాకిట్లో నిలబడి హేమ్లి అడిగింది: "గిదంత సరే గాని బిడ్డా, అసలు యూరియా ఎప్పుడొస్తది?"

ఆ రహస్యం ఛేదించే గూఢచారి సంస్థ ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.